ఇంటిపన్నులో 8 పైసలు



బహదూర్‌పల్లిలో ఫ్లాటు కొనుక్కున్నవాళ్లు ఏడాదికోసారి ఇంటిపన్ను కడతారు. మొత్తం ఎంతో చూస్తారు, ఫోన్లోనో మీసేవలోనో కట్టేస్తారు, రసీదు దాచుకుంటారు. ఆ మొత్తంలో ఏమేం కలిశాయో విడదీసి చూసేవాళ్లు తక్కువ. చూస్తే అందులో గ్రంథాలయ పన్ను కనిపిస్తుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున దీన్ని వసూలు చేస్తారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ అదే చట్టం నడుస్తోంది. ఇంటిపన్ను 5,000 రూపాయలైతే గ్రంథాలయానికి 400 రూపాయలన్నమాట.

“ఈ రోజుల్లో పుస్తకాలు ఎవరు చదువుతున్నారండీ, అంతా ఫోన్లోనే కదా” అని లిఫ్టులో నిట్టూర్చే పెద్దమనిషి కూడా, తనకు తెలియకుండానే, గ్రంథాలయానికి చందాదారే. చందా ఠంచనుగా కడుతున్నాడు. ఆ గ్రంథాలయం ఎక్కడుందో మాత్రం ఎరగడు. అచ్చుపుస్తకం నిలుస్తుందా, డిజిటల్ దాన్ని మింగేస్తుందా అన్న చర్చ ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. బహదూర్‌పల్లిలో నిలబడి చూస్తే ఆ చర్చకు ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటి కనిపిస్తుంది. పుస్తకం కాగితం మీద ఉండనీ, తెర మీద ఉండనీ, దాని దగ్గరికి వెళ్లే తలుపు ఎవరికి తెరిచి ఉంది?

బాలానగర్ నుంచి నర్సాపూర్ వైపు వెళ్తుంటే సూరారం దాటాక, గండిమైసమ్మ చౌరస్తాకు ముందు వస్తుంది ఈ ఊరు. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. పంచాయతీగా ఉన్న బహదూర్‌పల్లి 2018లో దుండిగల్ మున్సిపాలిటీలో చేరింది. టెక్ మహీంద్రా ప్రాంగణం, దాని పక్కనే 2020లో పుట్టిన మహీంద్రా యూనివర్సిటీ ఇక్కడివే. కొంపల్లి వైపు తిరిగితే దూలపల్లి అటవీ అకాడమీ, మైసమ్మగూడలో వరసగా ఇంజనీరింగ్ కాలేజీలు. ఇంకాస్త తూర్పుకు, శామీర్‌పేట వైపు పోతే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం. 2022లో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ బహదూర్‌పల్లి ప్లాట్లను ఈ-వేలం వేసినప్పటి నుంచీ ఊళ్లో మాట్లాడుకునేది గజాల లెక్కలోనే.

చదువుల సంస్థలు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోటు రాష్ట్రంలో ఇంకెన్ని ఉంటాయో చెప్పడం కష్టం. ప్రతి ప్రాంగణంలోనూ గ్రంథాలయం ఉంది. ఏసీ హాలు, వైఫై, ఖరీదైన విదేశీ పాఠ్యపుస్తకాలు, డేటాబేసులు. వాటి తప్పేమీ లేదు. అవి తమ విద్యార్థుల కోసం కట్టుకున్నవి. అయితే మెడలో గుర్తింపు కార్డు లేనివాడి చదువు సెక్యూరిటీ గార్డు దగ్గరే ఆగిపోతుంది. పాత ఊళ్లో పుట్టి పదో తరగతి చదువుతున్న పిల్లకూ, కొత్త అపార్ట్‌మెంట్లకు ఇటుకలు మోయడానికి ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన కుటుంబంలోని పిల్లాడికీ, రిటైరై ఫ్లాటులో కూర్చున్న లెక్కల మాస్టారుకూ ఆ గేట్లు ఒకేలా కనిపిస్తాయి.

డిజిటల్ వస్తే గేట్లే ఉండవని చాలామంది నమ్మారు. పరిశోధన పత్రికల సంగతి చూస్తే ఆ నమ్మకం ఎంతవరకు నిలిచిందో తెలుస్తుంది. అవి కాగితం వదిలి తెర మీదికి వచ్చి చాలా ఏళ్లయింది. కానీ ఒక్క వ్యాసం చదవాలన్నా చందా ఉన్న సంస్థ తరఫున లాగిన్ కావాలి, లేదా డాలర్లలో డబ్బు కట్టాలి. ఈ బాధ చూసే కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 పత్రికలు. మంచి పనే. అయితే ఆ తలుపు తెరిచింది ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల వాళ్లకు. ప్రైవేటు కాలేజీ కుర్రాడు, ఇంట్లో కూర్చున్న లెక్కల మాస్టారు మళ్లీ బయటే. కాగితానికి ఉన్న గేటు కంటికి కనబడుతుంది. తెరకున్న గేటు పాస్‌వర్డ్ అడిగేదాకా తెలియదు, అంతే తేడా.

ఈ గొడవ హైదరాబాదుకు కొత్తదేమీ కాదు. నిజాం రాజ్యంలో కచేరీ, కోర్టు, పై చదువు ఉర్దూలో నడుస్తున్న రోజుల్లో తెలుగు చదవాలనుకున్నవాడికి ఊళ్లో కూర్చుని చదువుకునేందుకు ఒక గది కూడా లేదు. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు, ఆదిపూడి సోమనాథరావు వంటివాళ్లు దాని వెనక నిలిచారు. సొంత భవనం ఎక్కడిది? మొదట రావిచెట్టు రంగారావు గారి ఇల్లే గ్రంథాలయం. తర్వాత సుల్తాన్ బజారులో స్థిరపడింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. అలమారాలు పెట్టుకున్నాక ఒక సంగతి అర్థమైంది. కావ్యాలు, పురాణాలు దొరుకుతాయి గానీ చరిత్ర మీద, శాస్త్రాల మీద తెలుగులో పుస్తకాలు దాదాపుగా లేవు. దాంతో 1906లో ఆ మనుషులే విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి పుస్తకాలు రాయించి అచ్చువేశారు. చదివే గది ముందు వచ్చింది, చదవాల్సిన పుస్తకం దాని వెనక వచ్చింది.

ఇక్కడ చిన్న పక్కదారి. కొవిడ్ కాలంలో తెలంగాణ ప్రభుత్వ బడుల పిల్లలకు టీవీలో, టీ-శాట్‌లో డిజిటల్ పాఠాలు మొదలైన రోజు 2020 సెప్టెంబరు 1. భాషానిలయం పుట్టినరోజే. 119 ఏళ్ల తేడాతో ఎవరూ అనుకోకుండా పడ్డ తేదీ అది. రెండు సందర్భాల్లోని చిక్కులు మాత్రం దగ్గరి చుట్టాలే. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటు పనికి పోతే, పాఠం గాల్లో ఉన్నా పిల్లకు అందదు.

పాఠకుడు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకాన్నే పాఠకుడి దగ్గరికి పంపిన మనుషులూ ఉన్నారు. నల్లగొండ ప్రాంతంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి హోటల్లో పనిచేశాడు, ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాక పుస్తకాలను గంపలో సర్ది నెత్తిన పెట్టుకుని తిరిగి అమ్మాడు. సభ పెట్టాలంటేనే సర్కారు అనుమతి కావలసిన కాలమది. కోస్తాలో అయ్యంకి వెంకటరమణయ్య 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘాన్ని నిలబెట్టాడు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల్లో తిరిగే పడవల మీద పుస్తకాల పెట్టెలు పెట్టించాడు. ఒడ్డు చేరేదాకా ప్రయాణికుడికి వేరే పని ఉండదు గదా, చదువుతాడని. ఇవాళ మెట్రోలో తలవంచుకుని కూర్చున్న మనిషిని చూసి ‘ఫోను పాడుచేసింది’ అని విసుక్కునేముందు పాతూరి వారి తెలివి గుర్తు తెచ్చుకోవడం మంచిది. ఖాళీ సమయం ఎక్కడుందో ఆయన కనిపెట్టి అక్కడ పుస్తకం పెట్టాడు. ఇప్పుడు ఆ చోట వేరేవాళ్లు వేరే సరుకు పెట్టారు.

ఇక అచ్చు సంగతికొస్తే, బహదూర్‌పల్లికి పొరుగునే బాచుపల్లి. తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లి నుంచి అక్కడికి తరలింది. ఇప్పుడది సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద ఉంది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశాడు. 354 మంది కవులు! నోటిమాటగా చెబితే వాదన అయ్యేది. అచ్చులో పేరు, ఊరు, పద్యం కలిసి కనబడేసరికి అది దస్తావేజు అయింది. అచ్చుకున్న ఈ బలం ఇప్పటికీ తగ్గలేదు. ఫేసుబుక్కులో నాలుగేళ్లు కథలు రాసినవాడు కూడా చివరికి “ఎప్పుడు పుస్తకం వేస్తున్నావు?” అనే ప్రశ్నకే జవాబు వెతుక్కుంటాడు. ఏటా ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో రద్దీ చూస్తే, పుస్తకం పోయిందని దండోరా వేసినవాళ్లు కాస్త సిగ్గుపడాలి.

తెలుగు పుస్తకాన్ని తెర మీదికి ఎక్కించిన కథలోనూ తెలుగువాళ్లే ముందున్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధలో కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాల పథకాన్ని నడిపించారు. మన దేశంలో దాని రూపమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద కేంద్రం. బజారులో ఏనాడో మాయమైన తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఒక్కసారిగా ఉచితంగా దొరికాయి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్లకు అది నిజంగా పండగే.

ఆ పుస్తకాల్లో ఒకటి తెరిచి మొదటి పేజీ జాగ్రత్తగా చూడండి. తరచూ ఏదో గ్రంథాలయం రబ్బరు ముద్ర ఉంటుంది. దాని కింద సిరాతో రాసిన ప్రవేశ సంఖ్య. ఎవరో గుమాస్తా దశాబ్దాల కిందట కూర్చుని వేసిన అంకె అది. ఇంకో పేజీలో స్కాన్ చేసిన మనిషి బొటనవేలు. మరో చోట 64 తర్వాత 67. మధ్యలో రెండు పేజీలు గల్లంతు. ఆ రెండు పేజీలు కావాలంటే సర్వర్ దగ్గర జవాబు ఉండదు. సుల్తాన్ బజారుకో, అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికో, వేటపాలెం సారస్వత నికేతనానికో వెళ్లి కాగితం తిరగెయ్యాలి. డిజిటల్ పుస్తకం తల్లి గ్రంథాలయమే. తల్లిని ఇంట్లోంచి పంపేస్తే తప్పు దిద్దుకునే చోటు పోతుంది. పైగా ఆ పథకంలో తెలుగు పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ఒకే పుస్తకం మూడు రకాల స్పెల్లింగుల్లో దాక్కుంటుంది. కాపీరైటు గొడవల మధ్య అసలు వెబ్‌సైటు ఆగిపోయింది. కార్ల్ మలముద్ వంటివాళ్లు ముందుచూపుతో ఆ ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేర్చారు కాబట్టి అవి ఇవాళ్టికీ దొరుకుతున్నాయి.

కొత్త తెలుగు పుస్తకాలకు ఇంకో తిరకాసు ఉంది. అచ్చుకు వెళ్లే పుస్తకాల్లో చాలావాటిని ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చారు. అచ్చులో అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ఆ ఫైలులోంచి ఒక పేరా కాపీ చేసి ఫోన్లో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన పిచ్చిరాత వస్తుంది. యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక వత్తులు, గుణింతాలు సరిగ్గా పడ్డాయో లేదో మళ్లీ ప్రూఫు చూడాలి. ఆ కూలి ఎవరిస్తారు? చిన్న ప్రచురణకర్తకు అది తలకు మించిన ఖర్చు. 2016లో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. కాబట్టి ‘అంతా ఆన్‌లైన్లో దొరుకుతుంది’ అనే మాట ఇంగ్లీషుకు చెల్లినంతగా తెలుగుకు చెల్లదు.

కాగితం శాశ్వతమని కూడా ఎవరూ భ్రమపడనక్కర్లేదు. 2000 ఆగస్టు వరదల్లో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లొచ్చాయి. అబ్దుస్ సమద్ ఖాన్ జీవితమంతా కూడబెట్టిన అపురూపమైన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు తడిసి ముద్దయ్యాయి. వాటిని కాపాడే పనిలో షికాగో విశ్వవిద్యాలయం సాయపడింది. అయితే డిజిటల్‌కూ దాని వరదలు దానికున్నాయి. 2009లో అమెజాన్, హక్కుల చిక్కు వచ్చిందని, జార్జ్ ఆర్వెల్ రాసిన ‘1984’ను కొన్నవాళ్ల కిండిల్ పరికరాల్లోంచి రాత్రికి రాత్రి తుడిచేసింది. నిఘా రాజ్యం మీద రాసిన నవలకే ఆ గతి పట్టడం విచిత్రం. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసి డబ్బు వెనక్కిచ్చింది, పుస్తకాలు మాత్రం మాయం. అలమారాలో ఉన్న పుస్తకాన్ని దుకాణదారు ఇంటికొచ్చి పట్టుకుపోవడం ఎవరూ చూసి ఉండరు.

మరి చదివింది బుర్రకెక్కడంలో తేడా ఉందా? 2018లో ప్రచురితమైన ఒక విశ్లేషణ 2000 నుంచి 2017 దాకా వచ్చిన 54 అధ్యయనాలను కలిపి చూసింది. పాల్గొన్నవాళ్లు 1,70,000 మందికి పైనే. సమాచారం, పాఠాల వంటివి కాగితం మీద చదివినప్పుడు కాస్త బాగా అర్థమయ్యాయి. గడువు పెట్టి చదివిస్తే ఆ తేడా ఇంకా తేలింది. కథల్లో మాత్రం తేడా ఏమీ కనబడలేదు. అంటే నవల ఫోన్లో చదువుకునేవాళ్లు నిశ్చింతగా చదువుకోవచ్చు. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు పాలిటీ చదివేవాళ్లు పుస్తకం కొనుక్కోవడమే మేలు. బడుల్లో తెరలకు ముందుగా అలవాటుపడ్డ స్వీడన్ 2023లో అచ్చు పాఠ్యపుస్తకాల కోసం 68.5 కోట్ల క్రోనార్లు కేటాయించింది.

గ్రూప్స్ మాట వచ్చింది కాబట్టి చిక్కడపల్లి వెళ్లాలి. అక్కడి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున తలుపు తీసేసరికే కుర్రాళ్లు, అమ్మాయిలు బయట నిలబడి ఉంటారు. జిల్లాల నుంచి వచ్చి అశోక్‌నగర్ గదుల్లో ముగ్గురు నలుగురు సర్దుకుని ఉంటున్నవాళ్లు. వాళ్లలో చాలామంది అలమారాల వైపు చూడరు. సొంత పుస్తకాలు, జిరాక్సు నోట్సు, ఫోన్లో వీడియో పాఠాలు, మంచినీళ్ల సీసా అన్నీ సంచిలోనే. వాళ్లకు కావలసింది ఒక కుర్చీ, ఒక ఫ్యాను, ప్లగ్గు, చుట్టూ చదివే మనుషులు. డిజిటల్ యుగంలో గ్రంథాలయం ఖాళీ అవుతుందని జోస్యం చెప్పినవాళ్లు ఈ దృశ్యాన్ని ఊహించలేదు. తెర మీద చదువు పెరిగేకొద్దీ, దాన్ని కూర్చుని చదువుకునే చోటుకు గిరాకీ పెరిగింది. ఇది గుర్తించిన ప్రైవేటువాళ్లు క్యాబిన్లు కట్టి నెలకింత అని అద్దెకిస్తున్నారు.

అలాంటి చోటు బహదూర్‌పల్లికీ అవసరమే. పెద్ద భవనం అక్కర్లేదు. కమ్యూనిటీ హాలు పక్కన ఒక గది, పిల్లలకు బొమ్మల తెలుగు పుస్తకాలు, ఒడియా, హిందీ పుస్తకాలు కొన్ని, దినపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు, వరసగా ప్లగ్గులు, వైఫై. 1972లో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ కోల్‌కతా నుంచి పుస్తకాలకు గ్రాంటు ఇస్తుంది. కొన్ని పథకాల్లో దానికి రాష్ట్రం తన వాటా కలపాలి. అన్నిటికంటే ముఖ్యం వేళలు. ఐటీ ఉద్యోగి, ఫ్యాక్టరీ కార్మికుడు ఇల్లు చేరేసరికి తలుపు మూసి ఉంటే ఆ గది ఉన్నా లేనట్టే. రాత్రి పది దాకా తెరవాలంటే ఇంకొక మనిషి జీతం కావాలి, ఆ జీతానికే గ్రంథాలయ పన్ను.

ఆ పన్ను వసూలు చేసేది పురపాలక యంత్రాంగం, ఖర్చుపెట్టేది జిల్లా గ్రంథాలయ సంస్థ. మధ్యలో డబ్బు ఆగిపోవడం, సంస్థలకు బకాయిలు పేరుకుపోవడం తరచూ పత్రికల్లో వచ్చే సంగతే. బహదూర్‌పల్లి ఇళ్ల నుంచి గత ఐదేళ్లలో ఈ పద్దు కింద ఎంత వచ్చింది, అందులో ఎంత జిల్లా సంస్థకు చేరింది, ఎంత ఇక్కడి పుస్తకాలకు తిరిగొచ్చింది అని ఏ చందాదారైనా అడగొచ్చు. సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి 10 రూపాయల రుసుము కడితే చాలు, 30 రోజుల్లో జవాబివ్వాలి.